పాత తత్వం, కొత్త గొంతు: బెంగుళూరు నుంచి కైవారం దాకా

బెంగుళూరుకు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను మనమందరం తిప్పే చోట్లు దాదాపు ఒకటే. పొద్దున లాల్‌బాగ్, ఆ దగ్గరే ఎం.టి.ఆర్.లో రవ్వ ఇడ్లీ, ఆపైన బసవనగుడి నందీశ్వరుడు, విధానసౌధ ముందు ఒక ఫొటో, సాయంత్రం చిక్‌పేటలో పట్టుచీరలు. ఓపిక ఉంటే మర్నాడు నందికొండ. అంతటితో ఊరు చూడటం అయిపోతుంది. కానీ ఈ ఊళ్ళో కళ్ళతో కాక చెవులతో చూడవలసినవి చాలా ఉన్నాయి. ఈ సంచికలో పాఠకులను ఆ దారిన తీసుకువెళ్ళాలని నా కోరిక. మన ప్రయాణం ప్యాలెస్ మైదానంలో మొదలై, ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, గాజులమ్ముకుని బతికిన ఒక తెలుగు యోగి ఊళ్ళో ముగుస్తుంది. మధ్యలో ఒకసారి అమెరికా కూడా వెళ్ళివస్తాం. కంగారుపడకండి, వీసా అక్కర్లేదు.

రెండు ఊళ్ళు, రెండు సంగీతాలు

బెంగుళూరు నిజానికి రెండు ఊళ్ళు. 1537లో కెంపేగౌడ కట్టిన పేట ఒకటి. 1809 నుంచి ఇంగ్లీషువాళ్ళు తమ సైన్యం కోసం పెంచిన కంటోన్మెంటు, అంటే పాతవాళ్ళు పిలిచే 'దండు', రెండవది. రెండింటి మధ్యా కబ్బన్ పార్కు. పార్కుకు ఇటువైపు ఒక సంగీతం, అటువైపు మరొక సంగీతం.

పేట సంగీతంలో మన భాషకు మొదటినుంచీ పెద్దపీటే. కెంపేగౌడ పేరిట తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం ఉంది. 1905లో మొదలైన బెంగుళూరు గాయన సమాజంలోనూ, 1939 నుంచి చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో శ్రీరామ సేవా మండలి వారు జరిపిస్తున్న నవమి కచేరీల్లోనూ వినబడే సాహిత్యంలో సింహభాగం త్యాగయ్యగారి తెలుగే. పందిట్లో పానకం, వడపప్పు పంచుకునే కన్నడిగులు, తమిళులు ఆ కృతులను తమ సొంత పాటలుగానే వింటారు. ఈ ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్న బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలచుకోకుండా ముందుకు పోలేం. 1878లో నంజనగూడులో పుట్టి, ఈ ఊళ్ళో పేరు తెచ్చుకుని, తరువాత మద్రాసు చేరిన ఆ గాయని, ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనం' కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించారు. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం రావలసి వచ్చింది. మరుగునపడిన పాత గొంతును లేపి నిలబెట్టడం, దానికి మూల్యం చెల్లించడం ఈ ఊరివారికి కొత్త కాదని చెప్పడానికే ఈ మాట.

ఇక దండు వైపు చర్చి గాయక బృందాలు, సైనికుల బాండుమేళాలు, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో పియానోలు, గిటార్లు. ఆ గాలి పీల్చి పెరిగిన కుర్రకారు పాశ్చాత్య సంగీతాన్ని పరాయిదిగా చూడలేదు. అందుకే దేశంలో రాక్ సంగీతానికి రాజధాని అంటే చాలామంది బెంగుళూరు పేరే చెబుతారు.

ఈ రెండు సంగీతాలూ ఒకే నేల మీద వినబడిన చోటు ప్యాలెస్ మైదానం. మనకు అది పెళ్ళిళ్ళకూ, వస్తుప్రదర్శనలకూ తెలిసిన చోటు. 2003 ఏప్రిల్ 4న ప్రపంచ ప్రఖ్యాతి పొందిన రోలింగ్ స్టోన్స్ బృందం అక్కడ పాడింది. ఇంగ్లండుకు చెందిన ఆ తెల్ల కుర్రవాళ్ళు తమ బృందానికి ఆ పేరు పెట్టుకున్నది మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి గాయకుని 1950 నాటి పాటనుబట్టి. ఆ తరువాత రెండేళ్ళకు, 2005లో, అదే మైదానంలో కన్నడ సంగీతకారుడు సి. అశ్వత్థ్ 'కన్నడవే సత్య' అనే మహాసభ జరిపి కన్నడ కవుల గేయాలను వేలాదిమందికి వినిపించారు. కేవలం కవిత్వం వినడానికి జనం అంతగా తరలివచ్చారంటే అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ రాత్రీ, ఈ రాత్రీ వేర్వేరుగా కనబడినా విషయం ఒక్కటే. ఎవరో ఒకప్పుడు పాడిన పాటను మరొక తరంవారు అందుకుని తమ గొంతుతో పాడటం.

సోల్ అంటే ఏమిటి?

ఇక్కడ అమెరికా వెళ్ళివద్దాం. మన పిల్లలు ఇయర్‌ఫోనులు తగిలించుకుని వినే సంగీతంలో సగం దేని బిడ్డో తెలిస్తే, వాళ్ళతో మాట్లాడటానికి మనకొక దారి దొరుకుతుంది.

అమెరికాలో నల్లజాతివారి రికార్డులను ఒకప్పుడు 'జాతి రికార్డులు' అని వేరుగా పెట్టి అమ్మేవారు. ఆ మాట బాగాలేదని 1949లో బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ 'రిథమ్ అండ్ బ్లూస్' అనే కొత్త పేరు పెట్టాడు. అయిదేళ్ళ తరువాత, 1954లో, రే చార్ల్స్ అనే అంధ గాయకుడు చర్చిలో పాడే భక్తిగీతం బాణీలోకి ప్రేమగీతం పోసి పాడాడు. దైవం కోసం ఎత్తే గొంతు మనిషి కోసం ఎత్తాడని కొందరు మండిపడ్డారు. జనం మాత్రం చెవి కోసుకున్నారు. ఆ తోవలో పెరిగిందే సోల్ సంగీతం. సోల్ అంటే ఆత్మ. మన భజన మందిరంలో పుట్టిన పాట బజారుకు వచ్చి, కూలివాని కష్టాన్నీ, ఆడదాని గోడునూ చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు 1965లో, పని నుంచి ఇల్లు చేరే మగవాడు ఇంట్లో తనకు మర్యాద కావాలని అడిగే పాట ఒకటి పాడాడు. 1967లో, చర్చి బోధకుని కుమార్తె అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను అందుకుంది. అడిగేది ఆడది కాగానే ఆ పాట అర్థమే మారిపోయింది. స్త్రీలూ, హక్కుల కోసం పోరాడే నల్లజాతివారూ దాన్ని తమ పాటగా చేసుకున్నారు. పాత పాటను తిరిగి పాడటమంటే అచ్చుగుద్దినట్టు పాడటం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

2003లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంనుంచి జాస్ స్టోన్ అనే పదహారేళ్ళ పిల్ల వచ్చి 'సోల్ సెషన్స్' అనే ఆల్బం పాడింది. దాదాపు అన్నీ ఆమె పుట్టకముందటి పాటలే. కళ్ళు మూసుకుని వింటే నడివయసు నల్లజాతి గాయని పాడుతున్నదనుకుంటాం. తెల్లపిల్లకు ఇది ఎలా అబ్బిందని లోకం విస్తుపోయింది. అయితే ఆ పిల్ల ఒంటరిగా పాడలేదు. సోల్ గాయనిగా ముందే పేరున్న బెట్టీ రైట్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నడిపించింది. మయామీ నగరపు పాతతరం వాద్యగాళ్ళను పిలిపించి ఆమె వెనుక కూర్చోబెట్టారు. ఆ రికార్డులో పిల్ల గొంతు ఎంత ఉందో, పెద్దల చెయ్యి అంత ఉంది.

మైసూరు కుర్రవాడి ఆల్బం

మన ఊళ్ళో అటువంటి పని చేసిన ఆల్బం ఒకటి 2008లో వచ్చింది. గాయకుడు రఘు దీక్షిత్. మైసూరులో పెరిగి, మైక్రోబయాలజీలో ఎం.ఎస్సీ. చదివి, భరతనాట్యం నేర్చుకుని, గిటారు పట్టి బెంగుళూరు చేరినవాడు. 'అంతరాగ్ని' అనే బృందంతో మొదలుపెట్టి, ఆ తరువాత తన పేరుతోనే బృందం కట్టుకున్నాడు. ముంబయి సంగీత దర్శకులు విశాల్, శేఖర్ తమ సంస్థ తరఫున ఆ మొదటి ఆల్బం విడుదల చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్ళు.

అందులో ఉన్నవి 8 పాటలు. ఎక్కువ హిందీవి, ఒకటి ఇంగ్లీషుది. రెండు మాత్రం శిశునాళ షరీఫు సాహెబుగారి కన్నడ తత్వాలు. ఒకటి హుక్కా పీల్చి చూడమని పిలుస్తూ అసలు సంగతి మరేదో చెప్పే పాట. రెండవది కారుతున్న ఇంటికప్పు పాట. రంగురంగుల లుంగీ, కాళ్ళకు గజ్జెలు, చేతిలో గిటారు, పక్కన వయొలిన్, వెనుక డ్రమ్ములు. ఈ వేషంతో ఆ తత్వాలను 2010లో బి.బి.సి. టెలివిజన్ దాకా తీసుకువెళ్ళాడు. 2011లో ఇంగ్లండుకు చెందిన సాంగ్‌లైన్స్ పత్రిక ఆయన బృందానికి కొత్త కళాకారుల బహుమతి ఇచ్చింది. ఒక్క ముక్క కన్నడం తెలియనివాళ్ళు ఆ పాటకు గెంతులు వేశారు.

షరీఫుగారు 1819లో ఇప్పటి హావేరి జిల్లాలోని శిశువినహాళ గ్రామంలో ముస్లిం కుటుంబంలో పుట్టారు. కొన్నాళ్ళు బడిపంతులుగా పనిచేశారు. గోవిందభట్టు అనే బ్రాహ్మణ గురువును ఆశ్రయించారు. ఊరివాళ్ళు ఇద్దరినీ ఆడిపోసుకున్నారు. గురుశిష్యులు లెక్కచేయలేదు. 1889లో ఆయన కన్నుమూసినప్పుడు హిందువులూ ముస్లిములూ కలిసి తమ తమ పద్ధతుల్లో అంత్యక్రియలు జరిపారు.

ఈ కథ వింటుంటే మనకు ఎవరు గుర్తుకు వస్తారు? కందిమల్లాయపల్లె వీరబ్రహ్మేంద్రస్వామి, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. మనవాళ్ళు ఆ కథను 1984లో ఎన్.టి.రామారావుగారి సినిమాలో చూశారు. కన్నడిగులు షరీఫు కథను 1990లో నాగాభరణ దర్శకత్వంలో చూశారు. ఆ సినిమాకు పాటలు కట్టింది ప్యాలెస్ మైదానంలో మనం చూసివచ్చిన అశ్వత్థ్‌గారే. అంతకుముందునుంచీ శివమొగ్గ సుబ్బణ్ణ వంటివారు ఆ తత్వాలను సుగమ సంగీత వేదికల మీద పాడుతూ వచ్చారు. ఊరి భజనగాళ్ళు, సుబ్బణ్ణ, అశ్వత్థ్, ఆ తరువాత రఘు దీక్షిత్. గిటారు చేతికి రాకముందే ఆ పాట ఎన్ని చేతులు మారిందో చూడండి.

కారులో ఒక తగాదా

మొన్నటి వేసవిలో మేము కైవారం బయలుదేరినప్పుడు మా అబ్బాయి కారులో ఈ ఆల్బమే పెట్టాడు. మా అత్తగారిది హిందూపురం వైపు. కన్నడం చదవలేరు గాని వింటే ప్రతి మాటా తెలుస్తుంది. హోసకోట దాటేదాకా ఊరుకున్నారు. ఆపైన మనవణ్ణి అడిగారు.

"ఏమిట్రా నాయనా ఆ పాట?"

"రాక్ పాట నానమ్మా. నీకు నచ్చదులే, ఆపేయనా?"

"రాకూ గీకూ ఏమిటిరా, అది తత్వమైతే! ఇంటికప్పు కారుతోందంటున్నాడు. ఇల్లంటే ఏమిటనుకున్నావు? ఒళ్ళు. కప్పు బాగుచేసేవాడు కావాలంటే గురువు కావాలని."

వాడు కారు పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. అయిదారేళ్ళుగా వింటున్న పాటకు అర్థం నానమ్మ చెబితే గాని తెలియలేదని వాడికి కొంచెం ఉక్రోషం. అంత మోత లేకపోతే ఇంకా బాగుండునని ఆవిడ. మోత లేకపోతే నేనసలు వినేవాణ్ణే కాదని వాడు. తగాదా తెగలేదు. తెగనక్కరలేదు కూడా. ఇద్దరూ చెప్పింది నిజమే.

గాజుల తాతయ్య ఊరు

హోసకోట, హెచ్. క్రాసు మీదుగా చింతామణి రోడ్డులో వెళితే కైవారం క్రాసు వస్తుంది. అక్కడినుంచి ఊరు దగ్గరే. ఇదే మహాభారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ స్థలపురాణం. భీమలింగేశ్వరుని గుడి, అమరనారాయణస్వామి గుడి చూడదగ్గవి. రాయి తొలిచి గుహాలయాలు చేసిన కైలాసగిరి పక్కనే ఉంది. పిల్లలకు అది బాగా నచ్చుతుంది.

మనం వచ్చింది మాత్రం యోగి నారేయణ మఠానికి. జనం నోట ఆయన కైవారం నారాయణ తాతయ్య. 1726లో పుట్టి 1836 దాకా జీవించారని మఠ సంప్రదాయం. బలిజ కులస్థుడు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. డబ్బు వసూలు మీదకన్నా పాట మీదే ధ్యాస. ఆడపిల్లల చేతులకు గాజులు తొడిగి, డబ్బు అడగకుండా వచ్చేసేవారట. ఇల్లు గడవక భార్య మునియమ్మ సణిగేదట. చివరికి పరదేశి స్వామి అనే గురువు ఒక గులకరాయి ఇచ్చి, అది నోట్లో పెట్టుకుని నామం జపించమన్నారనీ, ఆ రాయి కలకండ అయ్యేదాకా తాతయ్య జపం ఆపలేదనీ చెబుతారు.

ఆయన పాడింది ఎక్కువగా తెలుగులో. కన్నడంలోనూ కీర్తనలున్నాయి. తత్వాలు, కాలజ్ఞానం, అమరనారేయణ శతకం ఆయనవే. త్యాగయ్యగారు తిరువయ్యారులో పాడుతున్న రోజుల్లోనే ఈయన ఇక్కడ గాజులమ్ముతూ పాడారు. షరీఫుగారు పుట్టాక పదిహేడేళ్ళపాటు ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారు. ఏటా గురుపూర్ణిమకు మఠంలో సంగీతోత్సవం జరుగుతుంది. పెద్ద విద్వాంసులూ వస్తారు, చుట్టుపక్కల పల్లెల భజన బృందాలూ వస్తాయి. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల పల్లెల్లో ఇళ్ళలో మాట్లాడే తెలుగు ఆ పాటల్లో ఇంకా తాజాగా ఉంది.

అక్కడ నాకు కనబడిన ఒక విశేషం మన సంఘం వారందరికీ చెప్పాలి. తాతయ్య కీర్తనల పుస్తకాలు ఈ ప్రాంతంలో కన్నడ లిపిలో దొరుకుతాయి. భాష తెలుగు, అక్షరాలు కన్నడం. మా అత్తగారు పుస్తకం తెరిచి ఒక్క అక్షరం కూడబలుక్కోలేకపోయారు. బెంగుళూరు బడిలో కన్నడం చదివిన మా అబ్బాయి గడగడా చదివేశాడు. వాడికి తెలుగు లిపి రాదు. ఆవిడకు కన్నడ లిపి రాదు. వాడు చదువుతుంటే ఆవిడ అర్థం చెప్పారు. ఇద్దరూ కలిస్తే గాని ఆ పుస్తకం పూర్తి కాలేదు.

పేరు పోకుండా పాడటం

ఇప్పుడు అసలు విషయం. పాత పాటలు ఎలా బతుకుతాయి? వాటిని భద్రపరచడం ఒక పద్ధతి. మన జె.పి. నగర్‌లో 2019లో తెరిచిన సంగీత ప్రదర్శనశాల, ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్, ఆ పని చక్కగా చేస్తున్నది. పిల్లలతో ఒక ఆదివారం తప్పక చూడవలసిన చోటు. కాని అద్దాల బీరువాలో పెట్టిన పాట ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఎవరో ఒకరు తమ కాలపు వాద్యంతో, తమ గొంతుతో ఎత్తుకుంటేనే అది ఊపిరి తీసుకుంటుంది. రాగం కొంత మారుతుంది. మోత పెరుగుతుంది. పెద్దలకు కష్టంగా ఉంటుంది. అయినా మరొక మార్గం లేదు.

పోగొట్టుకోకూడనివి రెండు. ఒకటి అర్థం. జాస్ స్టోన్ పక్కన బెట్టీ రైట్ కూర్చున్నట్టు, పాడే పిల్లల పక్కన తెలిసిన పెద్ద ఒకరు ఉండాలి. రెండవది పేరు. అమెరికాలో నల్లజాతి గాయకులు కట్టిన పాటలను ఇతరులు పాడి డబ్బూ పేరూ గడించిన ఉదాహరణలు కోకొల్లలు. పాట లోకమంతా తిరిగింది, మొదట పాడినవాడు మరుగునపడ్డాడు. ఈ విషయంలో మన పెద్దలు ముందుచూపున్నవాళ్ళు. షరీఫుగారు తన తత్వం చివర శిశునాళాధీశుని పేరు పెట్టారు. కైవారం తాతయ్య అమరనారేయణుని పేరు పెట్టారు. వేమన ప్రతి పద్యానికీ తన పేరే పెట్టాడు. దాన్నే మనం ముద్ర అంటాం. చివరి చరణం దాకా పాడితే చాలు, ఆ పాట ఎవరి ఇంటిదో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి పిల్లలు ఏ వాద్యంతో పాడినా సరే, చివరి చరణం వదలకుండా పాడమని మాత్రం చెప్పాలి.

కన్నడ తత్వాలకు రఘు దీక్షిత్ వంటివారు దొరికారు. బెంగుళూరు పక్కనే పుట్టిన ఈ తెలుగు తత్వాలకు అలా ఎవరు దొరుకుతారు? మన ఇళ్ళలో గిటారు, కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలకు కొదవ లేదు. తెలుగు చదవలేరని మనం దిగులుపడే ఆ పిల్లలే కన్నడ అక్షరాల్లో ఈ తెలుగును చదవగలరు. అర్థం చెప్పే నానమ్మలు, అమ్మమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇలా రెండు తరాలూ ఒకే ఇంట్లో ఉండే కాలం ఎంతోకాలం ఉండదు.

వెళ్ళదలచుకున్నవారికి రెండు మాటలు. బెంగుళూరు నుంచి చింతామణి బస్సులు తరచుగా ఉన్నాయి. కైవారం క్రాసులో దిగాలి. సొంత వాహనమైతే రెండు గంటల ప్రయాణం. పొద్దున్నే బయలుదేరితే కైలాసగిరి ఎండ ముదరకముందే ఎక్కి దిగవచ్చు. గురుపూర్ణిమ రోజుల్లో రద్దీ ఎక్కువ, కానీ పాట వినాలంటే అప్పుడే వెళ్ళాలి. తిరిగివచ్చేటప్పుడు మఠం నుంచి ఒక కీర్తనల పుస్తకం తెచ్చుకోండి. రాబోయే ఉగాది సాంస్కృతిక కార్యక్రమంలో సినిమా పాటల మధ్య కనీసం ఒక్క తాతయ్య తత్వమైనా మన పిల్లల చేత, వాళ్ళకు నచ్చిన వాద్యాలతోనే పాడించండి. అర్థం చెప్పడానికి వేదిక మీద పక్కన ఒక కుర్చీ వేయండి. అందులో కూర్చోవడానికి మా అత్తగారు సిద్ధంగా ఉన్నారు. మీ ఇంటి పెద్దవారిని కూడా అడిగి చూడండి.